మూడో అంతస్తు దాకా

ఆగస్టు 4, సోమవారం

డాక్టరు పుస్తకం పెట్టమన్నాడు. ఏం తిన్నానో, ఎంత నడిచానో, ఎన్ని గంటలు పడుకున్నానో రాసి నెలకోసారి తెచ్చి చూపించాలట. ఆయనకు చూపించే పుస్తకం వేరే ఉంది, అట్ట మీద పువ్వులున్నది. ఇది మా అమ్మాయి పోయినేటి లెక్కల నోటుబుక్కు. వెనక సగం ఖాళీ. ఇది ఎవరికీ చూపించేది కాదు.

బరువు 91. నడుము 42 అంగుళాలు. ఊరికే కూర్చున్నప్పుడు నాడి 94. రక్తపోటు చూసి డాక్టరు, "మీరు మంటలార్పే జట్టులో ఉన్నారా, వాళ్లకు వంట చేసే జట్టులోనా?" అన్నాడు. నవ్వాను. బయటికి వచ్చి మెట్ల మీద ఒక సిగరెట్ కాల్చాను. అదే ఆఖరిది.

అక్టోబరు 15న పరీక్ష. స్టేషను వెనక డ్రిల్ టవరు ఏడంతస్తులు ఎక్కాలి. ఒంటి మీద పూర్తి సామాను, భుజాన గొట్టం చుట్ట, అయిదు నిమిషాలు. అప్పటిదాకా ఫైరింజను ఎక్కొద్దు, ఫోను దగ్గర కూర్చోమన్నారు. తప్పితే ఇక ఎప్పటికీ ఫోను దగ్గరే. పద్దెనిమిదేళ్లుగా ఎక్కుతున్న బండి, ఆరేళ్లుగా జట్టు నాయకుణ్ణి నేనే.

మొన్న బట్టల గోడౌనులో జరిగినదాని వల్లే ఈ హడావిడంతా. నేనూ, మా జట్టులో కుర్రాడు పొడుగోడూ కలిసి మెట్లెక్కాం. మూడో అంతస్తు మలుపులో నా మాస్కు వాల్వు బిగుసుకుపోయింది. గాలి రాలేదు. వెనక్కి దిగాను. ఎవరైనా దిగుతారు. పొడుగోడు ఒక్కడే నాలుగో అంతస్తుకు పోయి, అక్కడ చిక్కుకున్న దర్జీని భుజాన వేసుకుని దించాడు. దర్జీ బతికాడు. పొడుగోడికి ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలింది. ఇద్దరు చేయాల్సిన పని.

రిపోర్టులో వాల్వు సంగతి రాసి సంతకం పెట్టాను.

ఆగస్టు 5

మా అత్తగారు ముప్ఫై ఒక్క సంవత్సరాలు డ్రిల్ టీచరుగా చేసి రిటైరయ్యారు. వయసు అరవై ఎనిమిది. మా పై వాటాలోనే ఉంటారు. నా పరీక్ష సంగతి మా ఆవిడ ఎలా చేరవేసిందో గాని, పొద్దున అయిదున్నరకల్లా తలుపు కొట్టారు. కాళ్లకు కాన్వాసు బూట్లు, మెడలో ఈల.

"అత్తయ్యగారూ, రేపటి నుంచి మొదలుపెడదామండీ."

"రేపు అనే పీరియడు నా టైంటేబుల్లో లేదు అల్లుడుగారూ. బూట్లేవి?"

బూట్లు అటక మీద ఉన్నాయి. దించి దులిపేసరికి పావుగంట. "ఇక నుంచి ఇవి గుమ్మం పక్కనే ఉండాలి. సాక్సు లోపల పెట్టి ఉండాలి. బద్ధకం బూట్లు వెతికే టైములోనే దూరుతుంది" అన్నారు. గేటు దాటాక ఆగి, "ఇంట్లో మీరు అల్లుడు. ఇక్కణ్ణుంచి ఎనిమిదో తరగతి, బి సెక్షను. ఏమనుకోవద్దు" అన్నారు.

పార్కు చుట్టూ నడక. ఆవిడ సిద్ధాంతం ఇదీ: నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. పాడగలిగితే బద్ధకం. మాట్లాడలేకపోతే పొగరు.

రెండో చుట్టుకే నేను మాట్లాడలేకపోయాను. పొగరు కాదు.

ఆగస్టు 6

కాళ్లు నావి కావు.

ఆగస్టు 9

టీలో చక్కెర ఒక చెంచా నుంచి అరచెంచాకు వచ్చింది. కంచాలు మారాయి. అమ్మాయి చిన్న కంచం నాకు, నా కంచం దానికి. "నాన్నా, నీ కంచంలో అన్నం పెడితే నాకు ఇంకో ఊరు కనిపించినట్టుంది" అంది. మా ఆవిడ ఉప్పు డబ్బా బల్ల మీద నుంచి తీసేసింది. అడిగితే, లేచి వెళ్లి తెచ్చుకుంటే వ్యాయామమేగా అంది.

సిగరెట్లు సున్నా. స్టేషను వెనక డ్రైవరు కాలుస్తుంటే ఒక దమ్ము లాగాను. దమ్ము లెక్కలోకి రాదు.

ఆగస్టు 11

గాలి మాస్టారిని స్టోరు నుంచి తప్పించారు.

సిలిండర్లలో గాలి నింపేదీ, మాస్కులు విప్పి కడిగి సరిచూసేదీ ఆయనే. అందుకే ఆ పేరు. ఇరవై ఆరేళ్లుగా అదే గది. విచారణ తేలేదాకా గేటు దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్ల రిజిస్టరు రాయాలట. రిటైర్మెంటు ఇంకో ఏడు నెలలుంది. తాళాలు ఆఫీసరుగారి బల్ల మీద పెట్టి, చిన్న బ్రష్షుల డబ్బా చంకన పెట్టుకుని నడుచుకుంటూ గేటు దాకా వెళ్లారు. ఫోను గది కిటికీలోంచి చూశాను.

ఇంటికి వెనక గేటు గుండా వచ్చాను. అటైతే నాలుగు వందల అడుగులు ఎక్కువ పడుతుంది. నడకకు మంచిది.

ఆగస్టు 12

వాల్వు బిగుసుకుపోయింది. రబ్బరు పాతబడితే బిగుసుకుంటుంది. ఎవరి తప్పూ కాదు.

ఆగస్టు 17, ఆదివారం

అత్తగారు ఆదివారం సెలవన్నారు. ఒంటికి వారంలో ఒక రోజు విశ్రాంతి ఇవ్వకపోతే అదే తీసుకుంటుందట. నాకు కూర్చోబుద్ధి కాలేదు. నడకతో ఎప్పటికి పుట్టేను, ఎప్పటికి పెరిగేను అనిపించి, పార్కుకు పోయి పరుగెత్తాను. ముప్ఫై ఏళ్లప్పుడు పరుగెత్తినట్టే పరుగెత్తాను. నాలుగో చుట్టులో కుడి మోకాలు కలుక్కుమంది.

కుంటుకుంటూ వస్తే అత్తగారు మెట్ల మీదే ఉన్నారు. మొక్కలకు నీళ్లు పోస్తున్నారు. ఏమీ అడగలేదు. చెంబు కింద పెట్టి లోపలికి వెళ్లి ఐసు ముక్కలు తువ్వాల్లో చుట్టి తెచ్చారు.

"ఎవరి నుంచి పరుగెత్తారు?" అన్నారు.

"ఎవరి నుంచీ కాదండీ. పరీక్ష దగ్గరపడుతోంది కదా."

"పరీక్ష ముందుంది అల్లుడుగారూ. ముందున్నదాని కోసం పరుగెత్తేవాళ్లు వెనక్కి తిరిగి చూస్తూ రారు. డాబా మీద నుంచి పార్కంతా కనిపిస్తుంది, చూస్తూనే ఉన్నాను."

చూశానా? గుర్తు లేదు.

ఆగస్టు 18

నాలుగు రోజులు నడక బంద్. కుర్చీలో కూర్చుని లేవడం, గోడకు చేతులానించి నెట్టడం, అంతే. పదిసార్లు చొప్పున మూడు విడతలు. చూడ్డానికి పిల్లలాటలా ఉంది గాని తొడలు వణుకుతున్నాయి.

ఆగస్టు 19

కూర్చోవడం. లేవడం. కూర్చోవడం. లేవడం. ఇల్లంతా తిరిగాను. వంటగదిలో మూడు డబ్బాలు తెరిచి మూసేశాను. మా ఆవిడ, "ఆ కాలుగాలిన పిల్లి నడక లెక్కలోకి వస్తుందా?" అంది.

బిస్కెట్లు నాలుగు. డాక్టరు పుస్తకంలో రెండు.

ఆగస్టు 26

పదకొండున్నరకు ఫోను. నేనే ఎత్తాను, నేనే చిరునామా రాసుకున్నాను, నేనే గంట కొట్టాను. నలుగురు నా ముందు నుంచే పరుగెత్తి బండెక్కారు. నా చోట ఇంకొకతను కూర్చున్నాడు. నా హెల్మెట్ కొక్కేనికి అలాగే వేలాడుతోంది. బండి వెళ్లిపోయాక షెడ్డులో నూనె మరకలు తప్ప ఏమీ లేవు. అక్కడే అటూ ఇటూ తిరిగాను. అరగంటలో మూడు వేల అడుగులు. కూరగాయల మార్కెట్లో ఒక కొట్టు తగలబడిందట, ఎవరికీ ఏమీ కాలేదు.

కిటికీలోంచి చూస్తే గేటు దగ్గర గాలి మాస్టారు లేచి నిలబడి ఉన్నారు. బండి వెళ్లిన వైపే చూస్తున్నారు. ఆ బండిలో ఉన్న మాస్కులు ఆయన సరిచూసినవి కావు. ఇప్పుడు ఆ పని డ్రైవరు చేస్తున్నాడు.

సిగరెట్లు రెండు.

సెప్టెంబరు 1

డాక్టరు. బరువు 88. నాడి 84. "నోరు కట్టుకున్నట్టున్నారే" అన్నాడు. సిగరెట్ల సంగతి అడిగితే మానేశానన్నాను. ఆయన నా చొక్కా జేబు వైపు చూశాడు. జేబులో ఏమీ లేదు, నిజంగానే. అయినా చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

"ఒంటితో అబద్ధమాడితే పుస్తకంలో దొరకదు గాని మెట్ల మీద దొరుకుతుందండీ" అన్నాడు. రోజూ పదిమందితో అనే మాటే అయ్యుంటుంది.

సెప్టెంబరు 2

సిగరెట్లు సున్నా. ఇది నిజం.

సెప్టెంబరు 5

పొడుగోడు వచ్చాడు. చేతికి కట్టు తీసేశారు. చర్మం గులాబీ రంగులో ముడతలు ముడతలుగా ఉంది, చిటికెన వేలు పూర్తిగా వంగడం లేదు. రోజూ రబ్బరు బంతి పిసకాలట. నా బల్ల మీద కూర్చుని కాసేపు పిసికాడు. వాడు మామూలుగా వాగుడుకాయ. ఈ రోజు మాట్లాడలేదు.

"నొప్పిగా ఉందా?"

"ఉందన్నా."

"అంతా సర్దుకుంటుందిలే."

బంతి పిసకడం ఆపి నా వైపు చూశాడు. "నువ్వు తగ్గావన్నా. మొహం లోపలికి పోయింది" అన్నాడు. అది మెచ్చుకోలో కాదో తెలియలేదు.

సెప్టెంబరు 9

వెనక గేటుకు తాళం వేశారు. ముందు గేటు గుండానే రావాల్సి వచ్చింది.

గాలి మాస్టారు రిజిస్టరు నా వైపు తిప్పి పెన్ను ఇచ్చారు. కొత్త కళ్లద్దాలు పెట్టుకున్నారు. బల్ల మీద పాత గుడ్డ పరిచి, దాని మీద ఒక మాస్కు విప్పి పెట్టారు. స్క్రూలన్నీ వరసగా, పెద్దది నుంచి చిన్నదాకా.

"మెట్ల పరీక్షకు తయారవుతున్నావటగా బాబూ. మంచిది. ఎక్కేటప్పుడు ఊపిరి పీల్చడం గురించి బెంగపడకు. వదలడం చూసుకో. పూర్తిగా వదిలితే లోపలికి అదే వస్తుంది."

"అలాగే మాస్టారూ."

సంతకం వంకరగా వచ్చింది.

సెప్టెంబరు 10

నడవలేదు. తల నొప్పి. సిగరెట్లు మూడు.

సెప్టెంబరు 11

నడవలేదు. అత్తగారు కింద నిలబడి ఈల వేశారు. వీధి వీధంతా లేచింది. నేను లేవలేదు.

సెప్టెంబరు 14, ఆదివారం

ఆఫీసరుగారిని అడిగి మధ్యాహ్నం డ్రిల్ టవరు తాళం తీసుకున్నాను. అమ్మాయి స్టాప్‌వాచి పట్టుకుని వస్తానని గొడవ చేస్తే తీసుకెళ్లాను. పదిహేను కిలోల ఇసుక సంచి భుజాన వేసుకున్నాను. మాస్టారు చెప్పినట్టే ఊపిరి వదులుతూ ఎక్కాను. ఒకటో అంతస్తు, రెండో అంతస్తు, బాగానే ఉంది. కాళ్లు బాగున్నాయి. మూడో అంతస్తు మలుపులో ఆగిపోయాను.

ఊపిరి ఆడుతోంది. మోకాలు నొప్పి లేదు. కాళ్లు మాత్రం కదలవు. చెయ్యి గోడకు ఆనించి నిలబడ్డాను. కింద నుంచి అమ్మాయి, "నాన్నా, టైము పోతోంది!" అని అరుస్తోంది.

ఇక్కడ రాయకపోతే ఎక్కడ రాస్తాను.

ఆ రోజు గాలి వచ్చింది. రబ్బరు వాసనతో, చల్లగా, నిండుగా వచ్చింది. వాల్వు టక్కుటక్కుమని తెరుచుకుంటూనే ఉంది. నాకే చాలలేదు. కళ్ల ముందు నల్లటి చుక్కలు, పై మెట్టు మీద కాలు పెట్టలేకపోయాను. పై నుంచి దర్జీ తలుపు బాదుతున్న చప్పుడు వినిపిస్తోంది. పొడుగోడు వెనక్కి తిరిగి, "అన్నా?" అన్నాడు. నేను మాస్కు వైపు వేలు చూపించి, చెయ్యి అడ్డంగా ఊపాను. ఆ సైగ ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలియదు. అబద్ధం ముందు చెయ్యి ఆడింది. నోరు తర్వాత అందుకుంది.

వాడు తలూపి పైకి పోయాడు.

టవరు దిగి కిందికి వచ్చాక అమ్మాయి స్టాప్‌వాచి చూసి, "ఇది లెక్కలోకి రాదులే నాన్నా, మళ్లీ మొదటి నుంచి ఎక్కు" అంది. ఎక్కాను. ఏడంతస్తులూ. అయిదు నిమిషాల యాభై.

సెప్టెంబరు 15

నిన్నటి పేజీ చించేద్దామనుకున్నాను. వెనక వైపు అమ్మాయి భిన్నాల లెక్కలున్నాయి. చించలేదు.

సెప్టెంబరు 16

చెప్పాలి.

సెప్టెంబరు 17

చెప్తే పరీక్షకు ముందే తీసేస్తారు. ఇన్నాళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరవుతుంది. ముందు పరీక్ష. ఆ తర్వాత.

సెప్టెంబరు 22

పొద్దున టీ ఇస్తూ మా ఆవిడ అంది: "నిద్రలో మెట్లు లెక్కపెడుతున్నారు."

"పరీక్ష కదా."

"ఏడంతస్తులన్నారుగా. మీరు మూడు దగ్గర ఆగుతున్నారు. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడుతున్నారు."

ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. టెలిఫోను కంపెనీలో పదేళ్లుగా జనం ఫిర్యాదులు వింటోంది. ఎవరు ఎక్కడ మాట మింగుతారో దానికి తెలుసు. నేను టీ తాగాను. చక్కెర లేకుండా తాగుతున్నానని సగం తాగాక గుర్తొచ్చింది. ఎప్పటి నుంచో మానేసిందట. నాకు చెప్పలేదు.

"చెప్పాల్సింది చెప్పకుండా ఎన్నాళ్లు తాగిస్తావు?" అన్నాను నవ్వుతూ.

"నేనూ అదే అడుగుదామనుకుంటున్నా" అంది. నవ్వలేదు.

సెప్టెంబరు 29

డాక్టరు. బరువు 85. నాడి 74. రక్తపోటు దారిలో పడింది. రోజూ ఏడు గంటలు పడుకుంటున్నారా అని అడిగాడు. మంచం మీద ఏడు గంటలు ఉంటున్నానని చెప్పాను. "అది వేరు" అన్నాడు.

అక్టోబరు 1

విచారణ. నిర్ణయం నెలాఖరుకట. ఆఫీసరుగారు నా రిపోర్టు చదివి వినిపించారు. 'వాల్వు బిగుసుకుపోవడం వల్ల గాలి అందక.' వింటుంటే ఎవరో మంచి మనిషి రాసినట్టుంది.

"మార్చాల్సింది ఏమైనా ఉందా?"

"లేదు సార్."

మళ్లీ సంతకం పెట్టాను. ఈసారి వంకర పోలేదు.

పరీక్ష రెండు వారాలుంది. ఒత్తిడి పెట్టుకోవద్దని డాక్టరు ఖచ్చితంగా చెప్పాడు. ఒంటికి మంచిది కాదు.

అక్టోబరు 2

పొద్దున నడిచాను, సాయంత్రం నడిచాను, మధ్యాహ్నం టవరు రెండుసార్లు ఎక్కాను. అత్తగారు స్టాప్‌వాచి లాక్కుని, "చాలు. ఇది వ్యాయామం కాదు, శిక్ష. శిక్ష వేసే అధికారం టీచరుది" అన్నారు.

అక్టోబరు 8

నాలుగు నిమిషాల నలభై. సిగరెట్లు సున్నా, ఇరవై ఎనిమిదో రోజు.

బాగుండాలి కదా. ఇంత బాగా ఉన్నప్పుడు బాగుండాలి కదా.

అక్టోబరు 15, బుధవారం

ఏది ముందు జరిగితే అది ముందు రాస్తాను.

పదిగంటలకు పరీక్ష. ఏడుగురం. నేను నాలుగోవాణ్ణి. కోటు, బూట్లు, సిలిండరు, మాస్కు, భుజాన గొట్టం. ఈల వేశారు. మూడో అంతస్తు మలుపు ఎప్పుడు దాటానో తెలియలేదు. అయిదో అంతస్తులో ఒకసారి గొట్టం జారితే సర్దుకున్నాను. పైకి చేరి గంట కొట్టాను. నాలుగు నిమిషాల ఇరవై రెండు. ఏడుగురిలో రెండో స్థానం. నాకంటే ముందు ఉన్నతనికి పాతికేళ్లు.

కింద అందరూ చప్పట్లు కొట్టారు. ఆఫీసరుగారు భుజం తట్టి, "రేపటి నుంచి బండెక్కు" అన్నారు. పొడుగోడు దూరంగా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. చప్పట్లు కొట్టలేదు. చెయ్యి బాగోలేదు కదా అనుకున్నాను.

ఇంటికి ఫోను చేసి చెప్పాను. అత్తగారు ఫోనులోనే ఈల వేశారు.

మధ్యాహ్నం బయటికి వెళ్తుంటే గాలి మాస్టారు గేటు దగ్గర నిలబెట్టేశారు. నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపారు. "నాలుగు ఇరవై రెండటగా! ఈ వయసులో! శభాష్" అన్నారు. ఆయన కళ్లలో ఏ వంకరా లేదు. తర్వాత బల్ల సొరుగులోంచి ఒక మాస్కు తీశారు.

"ఒక్క నిమిషం కూర్చో బాబూ. నిన్ను అడగాలని ఎన్నాళ్లుగానో. పరీక్ష ముందు నీ మనసు పాడుచెయ్యడం ఎందుకని ఊరుకున్నా. ఇది ఆ రోజు నువ్వు పెట్టుకున్నదే. విచారణ అయ్యాక ఆఫీసరును బతిమాలి తెచ్చుకున్నా. అచ్చం ఇలాంటివే ఇంకో రెండు ముందు నుంచీ విప్పి చూస్తున్నా. నూట పద్నాలుగు సార్లు విప్పి బిగించా. తడిపి చూశా, వేడి నీళ్లలో పెట్టి చూశా. ఒక్కసారీ బిగుసుకోలేదు. నాకు అంతు చిక్కట్లేదు. నీకు అప్పుడు ఏమైనా చప్పుడు వినిపించిందా? టిక్కుమని గాని, సన్నగా ఈల లాగా గాని?"

నేను రిజిస్టరు అంచు సరిచేశాను.

"నిన్ను తప్పుపట్టడానికి కాదు. తప్పు నాదే. ఎక్కడ జరిగిందో తెలియాలి, అంతే. నేను వెళ్లిపోయాక స్టోరుకు ఇంకొకరొస్తారు. వాళ్లకు చెప్పిపోవాలి కదా, ఇదిగో ఇక్కడ జాగ్రత్త అని. అద్దాలు కూడా మార్పించుకున్నా. కళ్లు మోసం చేశాయేమోనని. ఒకవేళ చేతులే తప్పుతున్నాయంటే పూర్తిగా మానేస్తా."

చేతులు బల్ల మీద చాచి చూపించారు. వణకడం లేదు. వేళ్ల సందుల్లో ఎన్నేళ్లు కడిగినా పోని నలుపు.

"చప్పుడేమీ రాలేదు మాస్టారూ" అన్నాను.

"ఏమీ రాలేదా?"

"వాల్వు బాగుంది. గాలి వచ్చింది. నాకే ఊపిరి అందలేదు. మూడో అంతస్తులో భయమేసింది. దిగిపోయాను. మాస్కు మీదికి నెట్టాను."

ఆయన చాలాసేపు నన్ను చూడలేదు. మాస్కునే చూశారు. చిన్న స్క్రూడ్రైవరు తీసుకుని, విప్పి ఉన్న ఆఖరి స్క్రూ బిగించారు. గుడ్డతో అద్దం తుడిచారు.

"బాగుందా" అన్నారు, మాస్కుతో అన్నట్టు.

తర్వాత రిజిస్టరు మూసి, "ఆఫీసరు గదిలోనే ఉన్నాడు. టీకి పోకముందే వెళ్లు" అన్నారు.

వెళ్లాను.

అక్టోబరు 16

నిన్న అంత రాశాను గాని ఆఫీసరు గది గురించి రాయలేదు. రాయడానికి ఎక్కువేమీ లేదు. చెప్పాను. ఆయన పెన్ను మూత పెట్టి, "రెండుసార్లు సంతకం పెట్టావు" అన్నారు. అవునన్నాను. "ఆగిపోయావని చెప్పి ఉంటే పది వారాలు ఫోను దగ్గర కూర్చోబెట్టేవాణ్ణి, అంతే. ఊపిరి ఎవరికైనా చాలకపోవచ్చు. ఆ మనిషిని ఎండలో గేటు దగ్గర కూర్చోబెట్టింది నేను. నా చేత చేయించావు" అన్నారు. ఆయన అరిచి ఉంటే బాగుండేది.

అక్టోబరు 17

పొడుగోడి ఇంటికి వెళ్లాను. వాళ్లమ్మ కుర్చీ వేసింది. వాడు బంతి పిసుకుతూనే ఉన్నాడు. అంతా చెప్పాను.

"నాకు తెలుసన్నా" అన్నాడు.

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? మాస్కు ఆగిపోతే చప్పుడు రాదు. నీ ఊపిరి మొదటి అంతస్తు నుంచి కొలిమి తిత్తిలా వినిపిస్తూనే ఉంది. మూడో అంతస్తులోనూ వినిపించింది. పైకి పోతుంటే కూడా నా వెనక వినిపించింది."

"మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదురా?"

"నువ్వు చెప్తావని." బంతి కింద పడింది. తీసుకోలేదు. "ఈ పని నేర్పింది నువ్వు. నేను చెప్తే ఎలా ఉంటుంది? వారం చూశా. నెల చూశా. మాస్టారు గేటు దగ్గర కూర్చున్నాడు. నువ్వేమో నడుస్తున్నావు, బరువు తగ్గుతున్నావు, అందరూ శభాష్ అంటున్నారు. అప్పుడు కాలింది చూడు, అసలు."

బంతి తీసి వాడి చేతిలో పెట్టాను. తీసుకున్నాడు. వెళ్లేటప్పుడు గుమ్మం దాకా రాలేదు.

అక్టోబరు 20

రెండు కాగితాలు ఒకే రోజు వచ్చాయి. ఒకటి: శారీరక పరీక్షలో ఉత్తీర్ణుడు. రెండోది: ఏడాది పాటు బండెక్కరాదు, జట్టు నాయకత్వం రద్దు, గేటు రిజిస్టరు డ్యూటీ. మా ఆవిడ రెండూ చదివి, రెండూ ఒకే కవరులో పెట్టింది.

"ముందే నాతో అనొచ్చుగా" అంది.

"నువ్వు కనిపెట్టేశావనుకున్నా."

"కనిపెట్టడం వేరు, మీరు చెప్పడం వేరు." తర్వాత చాలాసేపటికి, "అన్నం తినండి, చల్లారిపోతుంది" అంది. చిన్న కంచంలోనే పెట్టింది.

అమ్మాయికి కూడా చెప్పాను. అది అడిగింది ఒక్కటే: "అంటే ఆ తాతకు మాస్కులు బాగుచేయడం వచ్చన్నమాట?" వచ్చమ్మా అన్నాను. చాలా బాగా వచ్చు.

అక్టోబరు 21

పొద్దున లేవలేదు. పరీక్ష అయిపోయింది. బండి లేదు. ఎవరి కోసం నడవాలి?

అయిదున్నరకు ఈల. ఆరుకు ఈల. ఆరుంపావుకు అత్తగారే లోపలికి వచ్చారు.

"మా అమ్మాయి చెప్పింది" అన్నారు. "మా స్కూల్లో ఇలాంటి పని చేస్తే మోకాళ్ల మీద నిలబెట్టేదాన్ని. మీ మోకాలు అంతంతమాత్రం కాబట్టి నడవండి."

"ఇంకెందుకండీ?"

"ఎందుకేమిటి? గేటు దగ్గర కూర్చునేవాడికి గుండె ఉండదా?"

నడిచాం. ఆవిడ ఒక్క మాటా మాట్లాడలేదు. పాట కూడా పాడలేదు. మూడు చుట్లు.

అక్టోబరు 24

గేటు దగ్గర నాలుగో రోజు. గాలి మాస్టారు స్టోరుకు వెళ్లిపోయారు. పొద్దున వచ్చి రిజిస్టరులో సంతకం పెడతారు, టైము రాస్తారు, నా వైపు చూడకుండా వెళ్తారు. సాయంత్రం అంతే. ఎనిమిదిసార్లు. నేను నమస్కారం పెడుతున్నాను. తీసుకోవడం లేదు.

ఎండ మధ్యాహ్నం రెండింటికి సరిగ్గా కుర్చీ మీదే పడుతుంది. కుర్చీ జరపడానికి చోటు లేదు. రెండు నెలలు.

అక్టోబరు 31

సాయంత్రం మాస్టారు సంతకం పెట్టి పెన్ను కింద పెట్టలేదు.

"ఆ డ్రిల్ టీచరమ్మ, మీ అత్తగారు, ఎన్నింటికి బయల్దేరతారు?"

"అయిదున్నరకండీ."

"నా రక్తపోటు బాగోలేదు. రెండు నెలలు కూర్చున్నచోటే కూర్చోవడం కదా. డాక్టరు నడవమన్నాడు. ఒక్కణ్ణే నడిస్తే రెండు రోజులకు మానేస్తా, నా సంగతి నాకు తెలుసు."

"మా ఇంటి ముందుకు వచ్చేయండి మాస్టారూ. నేను..."

"కోపం పోయిందనుకోకు. పోలేదు. పోతుందో లేదో కూడా తెలియదు. నడవడానికి వస్తున్నా, అంతే."

పెన్ను నా చేతికిచ్చి వెళ్లారు.

నవంబరు 1

అయిదు ఇరవైకే వచ్చి వీధిలో నిలబడ్డారు. అత్తగారు ఆయన బూట్లు చూసి, లేసులు మళ్లీ కట్టించారు. ముగ్గురం పార్కుకు వెళ్లాం. మాస్టారు మొదటి చుట్టు నాకు పది అడుగులు ముందు నడిచారు. కావాలనే. రెండో చుట్టులో ఆయాసం వచ్చి వేగం తగ్గింది. నేనూ తగ్గించాను. అత్తగారు వెనక్కి తిరిగి, "మాట్లాడుతూ నడవగలగాలి. మాట్లాడండి!" అని కేకేశారు.

కంకర మీద బూట్ల చప్పుడు. కుక్కను తిప్పుకునే ఆవిడ ఒకరు మమ్మల్ని దాటిపోయారు.

"ఏం మాట్లాడమంటుంది ఈవిడ?" అన్నారు మాస్టారు, ముందుకు చూస్తూనే.

"ఏదైనా సరేనండీ. ఊపిరి ఆడుతోందో లేదో తెలియడానికి."

ఆయన ఇంకో పది అడుగులు వేశారు. అప్పుడు, మొదట్లో నాతో కాదు, గాలితో అన్నట్టు, ఇరవై ఆరేళ్ల కింద తను స్టోరులో చేరిన రోజు గురించి చెప్పడం మొదలుపెట్టారు.